అద్దాల మీద దుప్పట్లు

మా ఇంట్లో ఏది ఎవరిదని ఎవరూ పంపకాలు వేసుకోలేదు గానీ, కింద తొట్ల గది నాది, ఇస్త్రీ బల్ల మా ఆయనది, డాబా మీద ఎండ మా అత్తయ్యది. లాడ్జీల నుంచి, ఆసుపత్రి నుంచి వచ్చే దుప్పట్లు ఉతికి ఇవ్వడం మా పని. నేను ఉతికి పిండితే, అత్తయ్య ఆ తడి బుట్ట నడుముకి ఆనించుకుని మెట్లెక్కేది. మనిషి కంటే బుట్టే బరువు. అయినా ఇంకొకరిని డాబా మీద చెయ్యి పెట్టనిచ్చేది కాదు. ఒకసారి నేను ఆరేస్తే, అన్నీ తీసి మళ్లీ తనే ఆరేసుకుంది. "గాలి ఎటునుంచి వస్తోందో చూడకుండా వేశావమ్మాయ్. ఇది దుప్పటా, తెరచాపా?" అని ఓ దెప్పు కూడా దెప్పింది.

ఆరిందో లేదో చేత్తో పట్టి చూసేది కాదు. దుప్పటి కొస ముక్కు దగ్గర పెట్టుకునేది. "చేతికేం తెలుసు, చల్లగా ఉంటే తడి అనుకుంటుంది" అనేది. ఎండ వాసన వచ్చాకే దుప్పటి కిందికి దిగేది. ఆవిడ దింపిన దుప్పటి ఒక్కటి తిరిగొచ్చిందన్న మాట నేను కాపురానికి వచ్చింది మొదలు వినలేదు.

ఆ ఏడు వేసవిలో మెట్ల మధ్యలో ఆవిడకి ఊపిరాడలేదు. బుట్ట జారి కిందదాకా దొర్లింది. ఆవిడ గోడకానుకుని కూలబడింది. వీధి చివరి క్లినిక్‌లో డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు.

"మెట్లెక్కడం మానెయ్యాలి. చెమ్మలో ఉండకూడదు. ఈ రెండూ పాటించకపోతే వానాకాలం గడవడం కష్టం" అన్నాడు.

ఆయన చెబుతున్నంతసేపూ అత్తయ్య మంచం మీద పరిచిన దుప్పటి అంచుని వేళ్లతో నలిపి చూస్తోంది. బయటికొచ్చాక, "అది మనం ఉతికింది కాదు" అంది.

మా ఆయనకి తల్లంటే ప్రాణం. అంత ప్రాణం పెట్టుకున్నవాళ్లు ఊరికే కూర్చోలేరు, ఏదో ఒకటి చేసి తీరతారు. అలా మా ఇంట్లోకి పంచదార వచ్చాడు.

పంచదార అంటే సోలార్ కంపెనీ ఏజెంటు. ఆ పేరు నేను పెట్టిందే. మాట్లాడుతుంటే ఆ నోటికి చీమలు పడతాయేమోనని భయం వేసేది. మా హాల్లో కూర్చుని అరచేతిలో స్వర్గం చూపించాడు. మాలాంటి చిన్న చిన్న పనివాళ్లు ఇంటి మీద సోలార్ పలకలు పెట్టించుకుంటే ప్రభుత్వం సగం ఖర్చు సబ్సిడీగా ఇస్తుందట. దాంతోపాటు కొత్త మీటరూ వస్తుందట. ఆ కరెంటుతో బట్టలు ఆరబెట్టే మెషిన్ పెట్టుకోవచ్చట.

"అమ్మగారు ఇక ఒక్క మెట్టు ఎక్కక్కర్లేదన్నా. కుర్చీలో కూర్చుని బటన్ నొక్కడమే" అన్నాడు.

"మరి డాబా?" అంది అత్తయ్య.

"డాబా అంతా పలకలకే కావాలమ్మా. వాటి మీద నీడ పడకూడదు."

అత్తయ్య వేళ్లు మడుస్తూ లెక్క పెట్టింది. "అంటే ఏంటి నాయనా, ఎండని పట్టి కరెంటు చేస్తావు. ఆ కరెంటుని కిందికి దింపి మళ్లీ వేడి చేస్తావు. ఆ వేడితో దుప్పటి ఆరబెడతావు. ఎండలో పడేస్తే ఆరేదానికి ఇంత తిరుగుడెందుకు?"

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. పంచదార కూడా నవ్వాడు. మా ఆయన మాత్రం నవ్వలేదు.

"నువ్వు మెట్లెక్కకుండా ఉండాలని అమ్మా. నాకు ఇంకే కారణం లేదు" అన్నాడు.

ఆ మాటకి ఆవిడ తలెత్తి కొడుకు ముఖంలోకి చూసి, "సరే, కానీ" అంది. ఆ 'కానీ' అనేటప్పుడు ఆవిడ గొంతు విని నాకు ఎందుకో మనసు చివుక్కుమంది.

వేసవి ఆఖరున పలకలు బిగించారు. ముందుగా దండేలన్నీ విప్పేశారు. ఆ తాళ్లని అత్తయ్య తనే చుట్టలు చుట్టి తన మంచం కింద పెట్టుకుంది. కొత్త పలకలు డాబా నిండా తళతళలాడుతూ పరుచుకున్నాయి. మెషిన్ వచ్చి ఇస్త్రీ బల్ల పక్కన ప్లాస్టిక్ కవరుతో సహా కూర్చుంది. పనంతా అయ్యాక మెట్ల దగ్గర ఒక పెట్టె బిగించి, దాని స్విచ్చికి సీలు వేసి వెళ్లిపోయారు.

"ఆఫీసరు వచ్చి, చూసి, సంతకం పెట్టాకే ఆ సీలు తీస్తారన్నా. అప్పుడే మీటరు, అప్పుడే సబ్సిడీ. ఎంత, ఇదిగో అదిగో అనేలోపు వచ్చేస్తాడు" అన్నాడు పంచదార.

మా పాత కనెక్షన్ ఇస్త్రీ పెట్టెనే చచ్చీ చెడీ మోసేది. దానికి ఈ మెషిన్ తగిలిస్తే వీధి వీధంతా చీకటైపోతుందని లైన్‌మన్ ముందే చెప్పేశాడు. కొత్త మీటరు రానిదే మెషిన్ తిరగదు, ఆఫీసరు రానిదే మీటరు రాదు. ఆ ఆఫీసరు ఇదిగో అన్నా రాలేదు, అదిగో అన్నా రాలేదు. వానలు మాత్రం వచ్చేశాయి.

వానాకాలం మాకేం కొత్త కాదు. ప్రతి ఏడూ వానకీ వానకీ మధ్య కాస్త ఎండ తొంగిచూసేది, అత్తయ్య దాన్ని వదిలేది కాదు. వంట మధ్యలో వదిలేసైనా బుట్టెత్తుకుని పరిగెత్తేది. ఈసారి ఆ కాస్త ఎండా సీలు వేసిన పలకల మీద పడి ఎవరికీ కాకుండా పోయింది. దుప్పట్లు గదుల్లో ఆరేశాం. హాల్లో అడ్డంగా, మా గదిలో నిలువుగా, చివరికి అత్తయ్య మంచం మీదుగా కూడా తాళ్లు కట్టాం. పని మానేద్దామంటే లాడ్జీలవాళ్లు ఇంకొకరిని చూసుకుంటారు, మళ్లీ మన గుమ్మం తొక్కరు. ఇంట్లో ఒకరి ముఖం ఒకరికి కనిపించడం మానేసింది. 'ఏవండీ' అని పిలిస్తే ఏ దుప్పటి వెనక నుంచి పలుకుతారో తెలిసేది కాదు. భోజనానికి కూర్చుంటే పైనుంచి కంచంలో నీటి చుక్క పడేది. గోడలకి నల్లటి మచ్చలు లేచాయి. పక్కలు ఎప్పుడూ చెమ్మగానే ఉండేవి. అత్తయ్యకి దగ్గు పట్టుకుంది, పట్టుకున్నది మరి వదల్లేదు.

చెమ్మలో ఉండకూడదన్న మనిషిని చెమ్మలోనే పడుకోబెట్టాం. మెట్లెక్కకుండా కాపాడబోయి చేసిన పని ఇది. మీటరు రావాలి, మెషిన్ తిరగాలి, ఈ తడి గుడ్డల మధ్య నుంచి ఆవిడ బయటపడాలి. ఆ వానాకాలమంతా మా ఇద్దరికీ ఇంకో కోరికంటూ లేదు.

"పోనీ కొన్నాళ్లు అమ్మాయి ఇంట్లో ఉండి రండత్తయ్యా. వాళ్లిల్లు పొడిగా ఉంటుంది" అని నేను అడిగి చూశాను. అమ్మాయంటే మా ఆడపడుచు.

"అక్కడ నాకేం పని?"

"ఇక్కడ మాత్రం ఏం పని చేస్తున్నారు, దగ్గడం తప్ప?"

"దగ్గుతూనైనా నీకు కొసలు పట్టుకుంటున్నాను కదటే" అంది నవ్వుతూ.

అది నిజమే. పెద్ద దుప్పటి మడవాలంటే ఇద్దరుండాలి. ఒకరు ఈ కొసలు, ఒకరు ఆ కొసలు పట్టుకుని, ఒక్క విదిలింపు విదిలించి, ఎదురెదురుగా నడిచి కలవాలి. మంచం మీద కూర్చునే ఆవిడ ఆ పని చేసేది. కొసలు కలిపేటప్పుడు ఆవిడ వేళ్లు నా చేతికి తగిలితే చల్లగా, మెత్తగా, నానిపోయినట్టు ఉండేవి.

మా ఆయన ఆ ఆఫీసు చుట్టూ కాళ్లరిగేలా తిరిగాడు. అక్కడివాళ్లు చెడ్డవాళ్లేం కాదు, అందరితో చెప్పే మాటే చెప్పారు. వరసలో వస్తారు. ఏ రోజని ముందుగా చెప్పరు. వచ్చేసరికి డాబా దరఖాస్తుతో పంపిన ఫోటోలో ఎలా ఉందో అలాగే ఉండాలి.

"అమ్మా, ఆయన వచ్చి వెళ్లేదాకా డాబా మీద రుమాలు కూడా ఆరేయకూడదు. దండెం కనిపించిందంటే మన పని గోవిందా" అని ఇంటికొచ్చి చెప్పాడు.

"నేనెక్కితే కదా" అంది అత్తయ్య.

పంచదార పలకల గురించి చెప్పింది ఆవిడ బుర్రలో నిలవలేదు, మేమెవరం మళ్లీ కూర్చోబెట్టి చెప్పలేదు. వాటిని అద్దాలనేది. ఎండని పట్టే అద్దాలు. దండెం కట్టకూడదన్నది మాత్రం ఆవిడ మనసులో పెట్టుకుంది.

ముసురు పట్టి వదలని రోజుల్లో లాడ్జి మేనేజరు ఓ మూట తెచ్చి మా గుమ్మంలో పెట్టాడు. మంచి మనిషి, మొహమాటస్థుడు.

"దిగినవాళ్లు వాసనంటున్నారమ్మా. ఇన్నేళ్లలో ఎప్పుడూ లేదు, అందుకే నేనే తెచ్చాను."

నేను మూట లోపలికి లాగేలోపే అత్తయ్య మంచం దిగి వచ్చింది. ముడి విప్పి, ఒక దుప్పటి కొస ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆవిడ ముఖం చూడలేక నేను తల తిప్పుకున్నాను. మేనేజరు చెప్పులేసుకోవడానికి చాలాసేపు తీసుకున్నాడు.

"మళ్లీ ఉతుకమ్మాయ్" అంది. తలకొట్టేసినట్టు గోడ వైపు తిరిగి పడుకుంది. నాకు పంచదార మీద, ఆఫీసు మీద, మా ఆయన ప్రేమ మీద కూడా చిర్రెత్తుకొచ్చింది.

ఆ తర్వాత ఒక పొద్దున ఎండ కాసింది. మామూలు ఎండ కాదు. వాన కడిగిన ఆకాశం నుంచి కాసే ఎండ, కళ్లు చికిలించి చూడాల్సిన ఎండ. మా ఆయన మళ్లీ ఆఫీసుకి వెళ్లాడు. నేను ఆసుపత్రి మూట దింపి రావడానికి వెళ్లాను. అత్తయ్య ఒక్కతే ఇంట్లో ఉంది. వెళ్లేటప్పుడు కిటికీ దగ్గర కూర్చుని బయటికి చూస్తోంది. నాకు అప్పుడు ఏమీ తట్టలేదు.

తిరిగొచ్చేసరికి గుమ్మం ముందు ఎవరిదో స్కూటర్ ఉంది. మంచం ఖాళీగా ఉంది. తొట్ల గదిలో మళ్లీ ఉతికి పెట్టిన లాడ్జి దుప్పట్ల బుట్ట లేదు. పరుగున మెట్లెక్కాను.

డాబా మీద పలకలన్నిటి మీదా తెల్లటి దుప్పట్లు పరిచి ఉన్నాయి. ఒక్క ముడత లేదు. గాలికి లేవకుండా కొసల మీద బట్టల సబ్బు బిళ్లలు పెట్టింది. దండెం మాత్రం ఎక్కడా కట్టలేదు. మధ్యలో అత్తయ్య నిలబడి ఉంది. ఎదురుగా మెడలో కార్డు వేసుకుని, చేతిలో ఫోను పట్టుకుని ఆఫీసరు ఉన్నాడు.

"రా అమ్మాయ్. మన పని చూడటానికి వచ్చారు" అంది అత్తయ్య. రొప్పుతోంది, కానీ ముఖం వెలిగిపోతోంది. వేసవి తర్వాత ఆవిడని అంత సంతోషంగా నేను చూడలేదు.

ఆఫీసరు వయసులో పెద్దాయనే, నెమ్మదైన మనిషి. "అమ్మా, వీటి మీద ఇలా..." అని ఏదో చెప్పబోయాడు.

"ఒక్క నిమిషం ఆగండి బాబూ. మీ అద్దాలు బాగా పనిచేస్తాయో లేదోనని నాకూ అనుమానంగానే ఉండేది. మావాడు చెబితే నమ్మలేదు. ఇవాళ చూశాను కదా. పిండి వేసింది వేసినట్టే ఆరిపోయాయి. ఇస్త్రీ కూడా అక్కర్లేదు. ఇదిగో, మీరే చూడండి."

ఒక దుప్పటి తీసి, కొస ఆయన ముక్కు దగ్గర పెట్టింది. ఆయన వెనక్కి జరగబోయి, జరగలేక, వాసన చూశాడు.

"వచ్చిందా?"

"వచ్చిందమ్మా" అన్నాడు ఆయన.

"ఆ, అదీ. అటు కొసలు పట్టుకోండి మరి."

ఆయన ఫోను జేబులో పెట్టుకుని కొసలు పట్టుకున్నాడు. అత్తయ్య విదిలించింది. ఆయనా విదిలించాడు. ఎదురెదురుగా నడిచి కొసలు కలిపారు. ఎప్పుడో ఇంట్లో ఎవరితోనో మడిచిన అలవాటు ఉన్నట్టుంది, చెయ్యి తడబడలేదు. అలా దుప్పట్లన్నీ ఇద్దరూ మడిచారు. నేను మెట్ల తలుపు దగ్గరే నిలబడిపోయాను. ఆపాలని ఉంది, ఎవరిని ఆపాలో తెలియలేదు.

అత్తయ్య మడిచిన దుప్పట్లు గుండెలకి హత్తుకుని గోడ పట్టుకుంటూ కిందికి దిగింది. ఆయన నా వైపు చూడకుండా అన్నాడు.

"నేను పైకి రాగానే ఫోటోలు తీసేశానమ్మా. తీసిన వెంటనే ఆఫీసుకి వెళ్లిపోతాయి. నా చేతుల్లో లేదు."

"ఆవిడకి తెలియదండీ."

"తెలుస్తూనే ఉంది. పలకల్ని వేరే అవసరానికి వాడుతున్నారని రాయాలి. ఈ ఏడు కుదరదు. వచ్చే ఏడు మళ్లీ పెట్టుకోండి."

కిందికి దిగాక అత్తయ్య ఆయనకి టీ ఇచ్చింది. ఆయన నిలబడే తాగి వెళ్లిపోయాడు.

సాయంత్రం మా ఆయన రాగానే ఆవిడే ఎదురెళ్లింది. "వచ్చి చూసుకుని వెళ్లార్రా. దండెం ఒక్కటి లేదు. అన్నీ దగ్గరుండి చూపించాను. ఎంత మంచి మనిషనుకున్నావు, నాతో దుప్పట్లు మడిచాడు."

మా ఆయన నా కోసం చూశాడు. నేను హాల్లో దుప్పటి వెనక నిలబడి, జరిగింది గొంతు తగ్గించి చెప్పాను. కోప్పడతాడనుకున్నాను. కోప్పడి ఉంటే బాగుండేది. దుప్పటి కింద నుంచి ఆయన పాదాలు మాత్రమే నాకు కనిపిస్తున్నాయి. అవి చాలాసేపు కదల్లేదు.

"అమ్మకి చెప్పకు" అన్నాడు చివరికి.

చెప్పలేదు. లాడ్జి నుంచి ఆ దుప్పట్లు తిరిగి రాలేదు. దాంతో ఆవిడ నాలుగు రోజులు కాస్త తేరుకున్నట్టే కనిపించింది. కానీ ఆ మెట్లు ఎక్కి దిగినందుకు ఛాతీ మరీ పట్టేసింది. వాన మళ్లీ పట్టుకుంది. పొద్దున లేస్తే "మీటరువాళ్లు వచ్చారా?" అని అడిగేది. వస్తారత్తయ్యా అనేదాన్ని. "చూసి వెళ్లాక కూడా ఇంత ఆలస్యమేమిటి, నిమ్మళంగా ఉన్నారే" అని విసుక్కునేది. ఎవరైనా తలుపు తడితే మంచం మీద లేచి కూర్చునేది.

అలా తలుపు తట్టినవాళ్లలో ఒక మధ్యాహ్నం పంచదార వచ్చాడు. ముఖం మాడ్చుకుని వచ్చాడు. అతని కంపెనీ అతన్నీ చీవాట్లు పెట్టినట్టుంది. హాల్లో దుప్పట్లు తప్పించుకుంటూ వచ్చి మా ఆయన ఎదురుగా కూర్చున్నాడు.

"నేను ముందే చెప్పాను కదన్నా, నీడ పడకూడదని. పలకల మీద దుప్పట్లేంటన్నా. ఊళ్లో అందరికీ వచ్చింది, మీ ఒక్కరికే పోయింది. అమ్మగారు ఆ పని చేయకపోతే ఈపాటికి మెషిన్ తిరుగుతూ ఉండేది."

మా ఆయన చెయ్యి ఎత్తి ఆపబోయాడు. ఆలస్యమైపోయింది. పంచదార వెనక వేలాడుతున్న దుప్పటికి అవతల, మంచం మీద నుంచి దగ్గు వినిపించింది. అతను ఆ దుప్పటి కేసి తిరిగి చూశాడు. ఆవిడ అక్కడ ఉన్నట్టు అతనికి తెలియదు. పాపం, చక్కెర లాంటి ఆ నోరు తెరుచుకునే ఉండిపోయింది.

దగ్గు ఆగింది.

"అమ్మాయ్" అంది అత్తయ్య. "ఈ చివరి దుప్పటి తిరగెయ్యి. ఇటువైపు ఆరలేదు."

నేను వెళ్లి తిరగేశాను. ఆవిడ నా వైపు చూడలేదు. ఆ రోజు తర్వాత మీటరు మాట ఎత్తలేదు. తలుపు చప్పుడైతే లేవలేదు. మా ఆయన పక్కన కూర్చుని, "అమ్మా, వచ్చే ఏడు వస్తుంది, దానికేముంది" అంటే, "నీ భోజనం అయిందా?" అని అడిగింది.

వానలు వెనక్కి తగ్గే రోజుల్లో ఆవిడని ఆసుపత్రిలో చేర్చాం. అక్కడి దుప్పట్లు మేం ఉతికినవే. పక్క మీద పడుకోబెట్టగానే అంచు పైకి లాక్కుని ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏమంటుందోనని నేను ఎదురుచూశాను. మెల్లగా దాన్ని కిందికి జరిపి, చేతులు దాని మీద పెట్టుకుంది. ఇంటికి మళ్లీ తీసుకురాలేదు.

మరుసటి ఏడు మా ఆయన మళ్లీ దరఖాస్తు పెట్టాడు. నాకైతే ఆ పలకల్ని చూస్తేనే ఒళ్లు మండేది. పీకి పారేయమన్నాను. ఆయన వినలేదు. వానలకి ముందే ఆఫీసరు వచ్చాడు. ఆయనే. డాబా మీద రుమాలు కూడా లేదు. ఫోటోలు తీసుకున్నాడు, స్విచ్చి సీలు తెంపాడు. మెట్లు దిగుతూ హాల్లోకి తొంగిచూశాడు.

"అమ్మగారు లేరా?"

"లేరండీ" అన్నాడు మా ఆయన.

ఆ గొంతులో ఏం విన్నాడో, ఆయన మళ్లీ అడగలేదు. టీ ఇస్తానంటే వద్దని వెళ్లిపోయాడు.

మీటరు వచ్చింది. మెషిన్ కవరు చింపి, తడి దుప్పట్లు వేసి, మా ఆయన బటన్ నొక్కాడు. అది తిరుగుతున్నంతసేపూ ఇద్దరం దాని ముందే నిలబడ్డాం. ఆగాక తలుపు తీస్తే దుప్పట్లు వేడి వేడిగా, పొడి పొడిగా బయటికొచ్చాయి. ఆయన ఒకటి తీసి రెండు కొసలు నాకందించాడు. విదిలించాం. ఎదురెదురుగా నడిచి కలిశాం. మడత నా చేతిలో పెట్టే ముందు ఆయన దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"వాసన వస్తోందా?" అని అడిగాను.

"లేదు" అన్నాడు. "ఏ వాసనా లేదు."